ఆరోగ్యమ్మ మొక్కిన కుడికాలు

నేను ఒక మైనపు కాలిని. తొడ మధ్య నుంచి వేళ్ళ దాకా జానెడు పొడుగు. అందులోనూ కుడికాలిని. ఈ ముక్క కాస్త గుర్తు పెట్టుకోండి, ఆరేళ్ళపాటు ఎవరూ పెట్టుకోలేదు. చెప్పాల్సింది గబగబా చెప్పేస్తాను, నాకు వ్యవధి తక్కువ. ఎందుకు తక్కువో చివర్న మీకే తెలుస్తుంది.

మా ఊరు పరాసుకోట. పూర్వం పరాసు దొరలు, అంటే ఫ్రెంచివాళ్ళు, సముద్రపు గాలి కూడా తమ సెలవు లేనిదే లోపలికి రాకూడదని ఊరి చుట్టూ నాలుగు నిలువుల ఎత్తు గోడ కట్టించారట. గాలి గోడ మీంచి దూకి వచ్చింది. దొరలే వెళ్ళిపోయారు. మిగిలింది గోడా, గోడ మధ్యన పెద్దగుడీ, గుడి ముందు నల్లరాళ్ళు పరిచిన విశాలమైన బయలూ. మేత్రాణులవారి, అంటే బిషప్పుగారి, పీఠం ఉన్న గుడి కనక పుస్తకాల్లో దాన్ని కెథడ్రల్ అని రాస్తారు. మాకు పెద్దగుడే. ఆ బయలు రాళ్ళబయలు.

బస్సులు గోడ బయటే ఆగుతాయి. జనం సముద్రపు వాకిలి దాటి నడిచి వస్తారు. సగం మంది ఫోటోలకి, సగం మంది గుడిలో ఉన్న మాతకి. ఫోటోలకొచ్చినవాళ్ళు తలెత్తి గోపురాలు చూస్తారు. మాతకొచ్చినవాళ్ళు తల దించుకుని, వాకిలి పక్కనున్న రాయప్ప కొట్టు ఎక్కడుందా అని వెతుక్కుంటారు.

రాయప్ప అమ్మేది మైనపు అవయవాలు. చూపు మందగించినవాళ్ళు మైనపు కన్ను కొంటారు. చెయ్యి విరిగితే చెయ్యి, కడుపు పండకపోతే పిల్ల, తలదాచుకునే చోటు లేకపోతే ఇల్లు. కొన్నదాన్ని తీసుకెళ్ళి మాత పాదాల దగ్గర పెట్టి మొక్కుకుంటారు. సాయంత్రానికి అక్కడ కాళ్ళూ చేతులూ పోగుపడతాయి. వాటిని బుట్టలకెత్తి, గుడి వెనక తలుపులోంచి మళ్ళీ రాయప్ప కొట్టుకే చేరవేస్తారు. అతను బాణలిలో కరిగించి అచ్చుల్లో పోస్తాడు. పొద్దున్నే మేం కొత్త అవయవాలమై కొట్లో వేలాడుతుంటాం.

అలా నేనెన్ని జన్మలెత్తానో నాకే తెలీదు. కన్నునయ్యాను, కానీ ఎవరికీ చూపివ్వలేదు. ఇల్లునయ్యాను, నాలో ఎవరూ కాపురముండలేదు. ఒకసారి నోరుగా కూడా పోశారు, అప్పుడు మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఒక మే నెలలో రాళ్ళబయలు ఎంతలా కాలిందంటే, పద్దెనిమిది కాళ్ళూ ఏడు చేతులూ నలుగురు పిల్లలూ ఒక మేడా కలిసి ఒకే ముద్దయిపోయాం. ఎవరో యాత్రికుడు ఆ ముద్దని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఉమ్మడి కుటుంబం కాబోలనుకుని, తన ఇంట్లో తగువులు తీరాలని కొనుక్కుపోయాడు. బల్లకి అంటుకుని మిగిలిన పిడికెడు మైనం నేను. ఇందులో సగం అబద్ధమనుకోండి, నాకేం బాధ లేదు. ఇక మీదట చెప్పేది మాత్రం మొత్తం నిజం. అబద్ధమైతే బాగుండును.

రాయప్ప దగ్గర ఎడమకాలి అచ్చు పగిలి పదేళ్ళయింది. కొత్తది చేయించమని పెళ్ళాం పోరితే, “మాతకి తెలీదా ఏ కాలో? మనం కాలిస్తే చాలు, కుడో ఎడమో ఆమే చూసుకుంటుంది,” అన్నాడు. అప్పట్నుంచీ ఆ కొట్లో ఉన్నవన్నీ కుడికాళ్ళే. అడిగినవాడు లేడు. నొప్పితో వచ్చినవాడు బొటనవేలు ఎటుందో చూడడు.

ఆరేళ్ళ కిందట తిరునాళ్ళకి పెద్దగుడి గోపురానికి సున్నం వేస్తున్నారు. పరంజా మీద బాలశౌరి అనే మేస్త్రి ఉన్నాడు. తాడు జారింది. బక్కెట్టూ బాలశౌరీ ఒకేసారి రాళ్ళబయల్లో పడ్డారు. బక్కెట్టు సొట్టపోయింది, బాలశౌరి ఎడమకాలు మోకాలి కింద రెండుగా విరిగింది. ఒలికిన సున్నం నల్లరాతిలోకి ఇంకి, రెక్కలు చాపినట్టు తెల్లటి మరకయింది. మరుసటేటికల్లా ఊరు చూపించే గైడు ఆ మరక దగ్గర ఆగి, “ఇది దేవదూత దిగిన చోటు,” అని చెప్పడం మొదలుపెట్టాడు. యాత్రికులు మోకరిల్లి ముద్దుపెట్టుకుంటున్నారు. మనుషులంతే. పడ్డవాణ్ణి ఎవరూ చూడరు, పడ్డచోటికి మాత్రం దణ్ణం పెడతారు.

బాలశౌరి భార్య ఆరోగ్యమ్మ. కాలు అతుక్కుంది గానీ పుండు మానలేదు, పైగా ఒంట్లో చక్కెర. ఏటేటా తిరునాళ్ళకి ఆమె ఒక మైనపు కాలు కొని మాత దగ్గర పెట్టేది. మరక దగ్గరికొచ్చేసరికి తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళేది. ఆమె అరచేయి నాకు తెలుసు. పుండు కడిగి కడిగి చర్మం తోలులా మొద్దుబారిన చెయ్యి. నాలుగేళ్ళు ఆ చేతిలో కుడికాలినై వెళ్ళాను. అమ్మా, నేను కుడికాలిని, నీ మొగుడిది ఎడమ అని చెప్పాలనే ఉండేది. చెప్పడానికి, కాలికి నోరేదీ?

ఈ ఏడు ఆగస్టులో డాక్టరు చెప్పేశాడు. పుండు పైకి పాకుతోంది, మోకాలి పైదాకా తీసెయ్యాలి, లేకపోతే మనిషే దక్కడు. ఆరోగ్యమ్మ గడువడిగింది. “సెప్టెంబరు తిరునాళ్ళ వెళ్ళనివ్వండయ్యా. తొమ్మిది రోజులూ మొక్కుతాను. తర్వాత మీ ఇష్టం.”

మొదటిరోజు ఆమె చేతికి నేనే దొరికాను. గుడి మెట్ల మీద కూచుని, పిన్నీసు తీసి నా మడమ మీద ‘బా’ అని గీసింది. ఆమెకి రాయడం వచ్చిన అక్షరం అదొక్కటే. పండగ జనంలో మాత ఎవరి కాలు ఎవరిదో పొరబడకూడదని ఆమె భయం. పాదాల దగ్గర నన్ను పెట్టి, “తల్లీ, కాలు తియ్యనివ్వొద్దు,” అంది. అంతే. వేరే ఏమీ కోరలేదు.

మొదటిరోజు నుంచే జనం ఎంతలా విరుచుకుపడ్డారంటే, రాయప్పకి మైనం కరిగించే తీరిక లేకపోయింది. వెనక తలుపులోంచి బుట్టల్లో వచ్చిన కాళ్ళనీ చేతుల్నీ తుడిచి అలాగే కొట్లో వేలాడదీశాడు. అయిదోరోజు ఆరోగ్యమ్మ వచ్చి కాలడిగితే, నన్ను తీసి ఇచ్చాడు.

ఆమె పిన్నీసు తీసింది. మడమ తిప్పింది. ‘బా’ అప్పటికే అక్కడ ఉంది.

“రాయప్పన్నా, ఇది నాది.”

“కొనుక్కున్నాక నీది కాక నాదవుతుందా తల్లీ?”

“మొదటిరోజు నేను మాత దగ్గర పెట్టింది. ఇదుగో, బా.”

రాయప్ప ఒక్క క్షణం తడబడ్డాడు. జనం ముందు చులకనవుతానేమోనని నవ్వేశాడు. “పిచ్చి చెల్లెమ్మా, మాత చూసేశాక మళ్ళీ ఆమెకెందుకు? ఆమెకున్నవి రెండు పాదాలు, మనం పెట్టేవి వేల కాళ్ళు. ఎక్కడ దాచుకుంటుంది?”

వెనకున్నవాళ్ళు నవ్వారు. ఆరోగ్యమ్మ నవ్వలేదు.

“అయితే చూసే పంపించిందన్నమాట.”

“అబ్బే, నా మాట అది కాదు...”

“చూసింది. వద్దని తిప్పి పంపింది.”

“ఇంకోటి తీసుకోమ్మా, ఊరికే ఇస్తాను.”

“వద్దన్నా. ఒకసారి తిప్పి పంపింది చాలు.”

నన్ను కొంగులో చుట్టుకుని ఆమె రాళ్ళబయలు వైపు నడిచింది. ఆరేళ్ళుగా చుట్టూ తిరిగి వెళ్ళే మరక మీద నేరుగా అడుగేసింది. గైడు కంగారుపడ్డాడు. “అమ్మా, తొక్కకూడదు. దేవదూత దిగిన చోటు.”

“దేవదూత కాదయ్యా, మా ఆయన. దిగలేదు, పడ్డాడు.”

యాత్రికులు ఆమె పక్కకి తప్పుకునేదాకా ఆగి, ఫోటో తీసుకున్నారు.

గోడ బయట పేటలో వాళ్ళ ఇల్లు. బాలశౌరి మంచం మీద ఉన్నాడు. మాటకారి, కాలు కుళ్ళుతున్నా నాలుక కుళ్ళని మనిషి. జరిగింది విని, నన్ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తన కాళ్ళ పక్కన పెట్టి చూశాడు.

“ఏమే, ఇది ఏ కాలు?”

“కాలే.”

“కాలేననుకో, ఏ కాలు? బొటనవేలు ఎటుందో చూడు. కుడికాలే ఇది.”

ఆరోగ్యమ్మ చూసింది. “అన్నీ ఇలాంటివే పెట్టాను,” అంది.

“అలా చెప్పు. అందుకే నా కుడికాలు రోకలిబండలా ఉంది. ఆరేళ్ళలో ముల్లు కూడా గుచ్చుకోలేదు.” అతను పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక చూస్తే ఇంట్లో ఆమె లేదు.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమె మళ్ళీ కొట్టుకి పరుగెత్తిందనీ, ఎడమకాలిమ్మని అడిగిందనీ తర్వాత తెలిసింది. రాయప్ప బుట్టలన్నీ తిరగేసినట్టు నటించి, చివరికి తల దించుకుని, అచ్చు లేదమ్మా, పగిలి పదేళ్ళయింది అన్నాడట. ఆమె తిట్టలేదట. ఇంటికొచ్చి గోడకానుకుని కూచుంది.

“చూసుకోకుండా ఇచ్చాను. నా చేతులతో నేనే పోగొట్టాను నీ కాలు.”

“పిచ్చిమాటలు మాట్లాడకే. తాడు జారితే నువ్వేం చేస్తావు?”

“ఆరేళ్ళు నేను చెప్పింది కుడికాలి సంగతయ్యా. ఎడమ కాలి గురించి ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.”

మిగతా నాలుగు రోజులూ ఆమె గుడికి వెళ్ళలేదు. తొమ్మిదోరోజు పెద్దగుడి గంటలు మోగుతుంటే పుండుకి కట్టు మారుస్తూ ఉంది.

కాలు తీసేశారు. ఆస్పత్రివాళ్ళు గుడ్డలో చుట్టి ఇచ్చారు. మా వాళ్ళు అలాంటిదాన్ని పారెయ్యరు, మట్టి చేస్తారు. పెద్దగుడి వెనక, కోటగోడ నీడలో ఉంది సమాధుల దొడ్డి. అక్కడ చంటిపిల్లకి తవ్వినంత గొయ్యి తవ్వారు. పెద్దగుడి గురువుగారు ప్రార్థనల పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేశారు. పసిపిల్లలకి ఉంది, ముసలివాళ్ళకి ఉంది, సముద్రంలో పోయినవాళ్ళకి ఉంది. కాలికి ప్రార్థన లేదు. పరలోక జపం చెప్పి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. పుండు మానాక బాలశౌరి కర్రల మీద వెళ్ళి, కింద కూచుని, ఆ బుల్లి సిలువకి తనే సున్నం వేశాడు. అతను వేసిన ఆఖరి సున్నం అదే.

ఇవాళ నవంబరు రెండు, ఆత్మల పండగ. పొద్దు ఇంకా గోడ దాటలేదు. అందరూ అమ్మానాన్నల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. బాలశౌరి పొద్దున్నే వేడి ఊచతో నాకు నిలువునా బెజ్జం పొడిచి, పాత పంచె చింపి ఒత్తి వేశాడు. ఆ బుల్లి సిలువ ముందు నా మడమ మట్టిలో దిగేసి, తొడ దగ్గర వెలిగించాడు. తెలిసిందిగా నా తొందర ఎందుకో. ఈ కథ మొదలెట్టినప్పుడు తొడ ఉంది. ఇప్పుడు మోకాలు కూడా లేదు.

దారిన పోయే ముసలాయన అడిగాడు, “ఎవరిది బాలశౌరీ?”

“నాదే బాబాయ్. చోటు పట్టి ఉంచమని ముందు పంపాను.”

ముసలాయన నవ్వలేక, ఏడవలేక, సిలువ గుర్తు వేసుకుని సాగిపోయాడు. బాలశౌరి మంట వైపు చూస్తూ, ఎవరితోనూ కాకుండా అన్నాడు, “దురద పుడుతోందే. లేని కాలు, అరికాల్లో దురద.”

ఆరోగ్యమ్మ కోటగోడ దగ్గర దూరంగా నిలబడి ఉంది. కొవ్వొత్తి తేలేదు. గుడి వెనక తలుపు వైపు చూస్తోంది. బుట్టలు బయటికొచ్చే తలుపు. ఆమె ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు. రేపు పొద్దున రాయప్ప ఇక్కడికి కూడా బుట్టతో వస్తాడు, సమాధుల మీద గడ్డకట్టిన మైనం గీక్కుపోవడానికి. బాణలి, అచ్చు, కొట్టు. ఉన్న అచ్చు ఒకటే. మళ్ళీ కుడికాలినే అవుతాను. మళ్ళీ ఎవరి ఎడమకాలి కోసమో వెళ్ళి మాత పాదాల దగ్గర పడుకుంటాను.

మంట చీలమండ దాకా దిగింది. అప్పుడు ఆమె కదిలింది. వచ్చి, మొగుడి పక్కన గొంతుక్కూచుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒత్తిని నలిపేసింది. వేళ్ళు కాలాయి, పట్టించుకోలేదు. కారిపోయిన మైనాన్ని రాయప్పకే వదిలేసింది. మిగిలిన మడమని, ‘బా’ ఉన్న ముక్కని, అరచేత్తో మట్టిలోకి నొక్కింది. ఇంకా నొక్కింది. చెయ్యి మోచేతి దాకా మట్టిలో దిగేలా నొక్కి, మట్టి కప్పి, పైన చదును చేసింది.

“ఏమే, ఎందుకు?” అని బాలశౌరి గొంతు, చాలా పైనుంచి.

పైన మట్టిని ఆమె అరచెయ్యి ఇంకోసారి తట్టింది.

ఇక్కడ చీకటి, చల్లగా ఉంది. ఇంకాస్త కింద ఎడమది ఉండాలి. ఆరేళ్ళ తర్వాత జత కుదిరింది. నడవాల్సిన మనిషి మాత్రం పైన, ఒంటికాలి మీద, కర్రల కోసం తడుముకుంటున్నాడు.