కిటికీ పక్క చోటు

"వంటింట్లో కూడా ఆ ఎగరడమేనా తల్లీ? కాస్త మడమలు నేలకి ఆనించి తురిమితే బీట్‌రూట్ ఏమన్నా అలిగి కూర్చుంటుందా?" అంది అత్తగారు హన్నా పెత్రివ్నా, టీ గ్లాసు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి.

యారినా మడమలు దించలేదు. స్టవ్ ముందు మునివేళ్ళ మీద లేస్తూ, దిగుతూ, మళ్ళీ లేస్తూ, తురుముతూనే ఉంది. పాప పుట్టిన దగ్గర్నుంచీ ఆమె డాన్స్ హాలు ఈ వంటిల్లే కదా! వాషింగ్ మెషిన్ అంచు పట్టుకుని కాలు వెనక్కి లేపడం, బాల్కనీలో పాప గుడ్డలు ఆరేస్తూ నడుము వెనక్కి వంచడం, పాప మార్తా నిద్రపోయిన ఆ కాసేపట్లో నేల మీద పడుకుని పొట్ట కండరాల్ని ఒక్కొక్కదాన్నే బతిమాలి, తిట్టి, మళ్ళీ దారికి తెచ్చుకోవడం. ఇదంతా ఎవరూ పని అనుకోలేదు, పిచ్చి అనుకున్నారు. బీట్‌రూట్ చారు, బోర్ష్ వండితే పని, పాపకి బక్వీట్ జావ కాస్తే పని, భర్త మెత్తటి డాన్స్ చెప్పులకి ఎలాస్టిక్ కుట్టిపెడితే అది కూడా పని కాదు, ప్రేమ!

ఆ భర్త ఓస్తప్ బల్ల దగ్గర కూర్చుని జున్ను అట్లు మీగడలో ముంచుకుని తింటున్నాడు. బాలే థియేటర్లో మొదటి వరస హీరో. అతను గాల్లోకి లేస్తే ముందు సీట్లలో ఆడవాళ్ళు ఊపిరి బిగబడతారు, దిగాక అతని మోకాలికి ఐసు పెట్టేది మాత్రం యారినా.

"ఇవాళే వెళ్ళాలా అసలు? కాన్పు సెలవు మూడేళ్ళుంది. ఏడాదిన్నరకే పరుగెత్తే తల్లిని నేనెక్కడా చూళ్ళేదు" అంది అత్తగారు.

"నేను డైరెక్టర్ వాదిమ్ సెర్హియోవిచ్‌తో మాట్లాడాను, అమ్మా" అంది యారినా. " క్లాసులో చూసి, 'ఉప్పు దారి'లో నా పాత్ర నాకివ్వాలో లేదో ఇవాళే చెప్తానన్నారు."

ఓస్తప్ చేతిలో ఫోర్కు ఆగింది. "నాతో చెప్పలేదేం?"

"నా పాత్ర కాబట్టి."

ఉప్పు బండి తోలుకుని దక్షిణానికి పోయిన మొగుడి కోసం ఎదురుచూసే భార్య కథ అది. ఆ పాత్రని కొలతలు తీసి గౌను కుట్టినట్టు యారినా ఒంటి మీదే తయారుచేశారు. బండివాడు ఓస్తప్. పోస్టర్ల మీద ఇద్దరూ కలిసి ఉండేవాళ్ళు. తర్వాత ఆమెకి కడుపొచ్చింది, పోస్టర్ మారింది, అందులో ఓస్తప్ మాత్రం అలాగే ఉన్నాడు. అవును మరి, తండ్రి అయితే పొట్ట పెరగదుగా!

"తొందరేముంది యారో? ఈ సీజన్ గుంపులో చెయ్యి. మెల్లగా అలవాటు పడొచ్చు" అన్నాడు గొంతులో తేనె కలుపుకుని. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. 'ఆర్టిస్టులిద్దరున్న ఇంట్లో ఎవరో ఒకరు మనిషిలా ఉండాలి కదా' అన్నదీ ఆ గొంతే. 'కాన్పు తర్వాత నీ పాదం వెడల్పయింది, గమనించావా, పాపం' అన్నదీ అదే. ప్రతిసారీ నుదుటి మీద ముద్దు పెట్టి మరీ అన్నాడు. ముద్దు పెట్టి అన్న మాటకి ఎదురు చెప్పడం ఎంత కష్టమో! పోట్లాడితే నువ్వే గయ్యాళివి అవుతావు.

ట్రామ్‌లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. థియేటర్ చేరాక అతను మోకాలు చూపించుకోవాలని మసాజ్ గదికి తిరిగాడు. ఆమె ఒక్కతే మెట్లెక్కింది.

తలుపు తియ్యగానే ఆ వాసన! తడిసిన చెక్కనేల, చెప్పులకి రాసే రోజనం పొడి, చెమట, ఎవరిదో కాఫీ. జూనియర్ పిల్లలు పూలమొక్కలకి పోసే డబ్బాతో నేల మీద నీళ్ళు చిలకరిస్తున్నారు, కాలు జారకుండా. యారినాకి ఏడుపొచ్చినంత పనైంది. సంచీ భుజాన వేసుకుని తిన్నగా కిటికీ పక్కకి, తన చోటుకి నడిచింది.

అక్కడ దియానా ఉంది. ఇరవై నిండని పిల్ల, కాలు కడ్డీ మీద పెట్టుకుని, హాయిగా.

ఆ హాల్లో గోడ వెంబడి చెక్క కడ్డీ దగ్గర ఎవరి చోటు వాళ్ళది. ఎక్కడా రాసి ఉండదు, కానీ పేరు చెక్కినంత గట్టిగా ఉంటుంది. మనిషి సెలవులో ఉన్నా చోటు ఖాళీగానే ఉంచుతారు. కొత్తవాళ్ళు తెలియక నిలబడితే టీచరమ్మ రయిసా అర్కాదివ్నా కర్రతో నేల మీద ఒక్కటేస్తుంది, అంతే, పిల్లలు ఎగిరి అవతల పడతారు. సొంతదారు తనంతట తాను ఇచ్చేస్తేనే అది ఇంకొకరిదవుతుంది. ఇవ్వడమంటే ఇక పెద్ద పాత్రలు నావి కావని అందరికీ చెప్పుకోవడమే. అలా తప్పుకునేవాళ్ళు ఇంట్లో కేక్ చేసి తెచ్చి, పంచి, ఏడ్చి మరీ ఇస్తారు.

"యారినక్కా!" దియానా వచ్చి మెడ చుట్టూ చేతులేసింది. "ఎన్ని రోజులైంది! నీకు థాంక్స్ చెప్పాలని ఫోన్ చేద్దామనుకున్నా, ఏడుస్తావేమోనని చెయ్యలేదు."

"దేనికి థాంక్స్?"

"చోటిచ్చినందుకు. మార్చిలో, ఆడవాళ్ళ పండగ రోజు, ఓస్తప్ అన్న నీ కేక్ తెచ్చాడుగా. తేనె కేక్! అబ్బా, ఎంత బాగుందో! నువ్వే చేసి పంపావన్నాడు, ఇక పాపే లోకం, పెద్ద పాత్రలు వద్దంది అన్నాడు. అందరం ఏడ్చాం తెలుసా?"

"నేను రెండు ముక్కలు తిన్నాను" అంది పియానో పక్కనుంచి రయిసా అర్కాదివ్నా. "నమ్మబుద్ధి కాలేదు. కానీ కేక్ నీ చేతిదే, రుచి తెలుస్తుంది కదే. ఏం, నిజం కాదా?"

ఆ కేక్ యారినాకి గుర్తుంది. ఎందుకుండదు! మార్తా అప్పుడే నడక నేర్చుకుంటూ కాళ్ళకి చుట్టుకుంటుంటే, అంత తేనె ఎందుకమ్మా అని అత్తగారు గొణుగుతుంటే, పొర తర్వాత పొర పల్చగా వత్తి, కాల్చి, మీగడ పూసి, చెయ్యి నొప్పెడుతున్నా నవ్వుతూ చేసింది. 'మావాళ్ళంతా నీ తేనె కేక్ అని కలవరిస్తున్నారు యారో' అన్నాడు. ఎంత సంతోషపడింది! నన్ను మర్చిపోలేదు, నా కోసం అడుగుతున్నారు అనుకుంది. అతను వెళ్తూ వెళ్తూ ఆమె చేతిలో ట్యులిప్ పూలు పెట్టాడు, పండగ కదా. ఆమె ఆ పూలని నీళ్ళలో పెట్టి మురిసిపోతుంటే, ఇక్కడ ఈ హాల్లో ఆమె చేతి వంటతోనే ఆమెని సాగనంపారు. తిన్నవాళ్ళందరూ పాపం ఏడ్చారు కూడా. అసలు మనిషికి తప్ప అందరికీ తెలుసు.

యారినా తల అడ్డంగా ఊపింది.

దియానా మొహం తెల్లబోయింది. "అక్కా... నువ్వివ్వలేదా? నేను జరుగుతా, ఇప్పుడే జరుగుతా!"

"నువ్వక్కడే ఉండు. నువ్వేం దొంగిలించలేదు" అంది యారినా. హాలు దాటి అవతలి గోడ దగ్గరికి నడిచింది. అద్దానికి ఎదురుగా, అందరికీ కనిపించేలా ఉన్న ఆ చోటు దగ్గర సంచీ దింపి కడ్డీ మీద చెయ్యి వేసింది.

అప్పటిదాకా సన్నగా మోగుతున్న పియానో ఆగిపోయింది. అది ఓస్తప్ చోటు.

అతను కుంటుతూ, నవ్వుతూ, అందరినీ పలకరిస్తూ లోపలికి వచ్చి సగం దారిలో ఆగిపోయాడు. "యారో, అది నా చోటు."

"కాదు. ఇచ్చేశావు."

"నేనా? ఎప్పుడు?"

"ఇందాకే. నీ తరఫున నేనిచ్చేశాను. కేక్ నువ్వే చేసుకో, మీగడ ఫ్రిజ్‌లో ఉంది."

వెనక వరసలో అబ్బాయొకడు ఫక్కున నవ్వి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఓస్తప్ మొహం మెడ దాకా ఎర్రబడింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి "నీ మంచికే చేశాను. నువ్వు ఓడిపోతే చూళ్ళేను" అన్నాడు.

"అయితే చూడకు" అంది ఆమె. గొంతు తగ్గించలేదు.

కర్ర నేల మీద పడింది. "మొగుడూ పెళ్ళాల పంచాయితీ క్లాసయ్యాక!" అరిచింది రయిసా అర్కాదివ్నా. "ఓస్తప్, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడు. అదిగో, హీటర్ పక్కన. వెచ్చగా ఉంటుంది, నీ మోకాలికి మంచిది. సంగీతం!"

అతను జూనియర్ పిల్లల మధ్య నిలబడ్డాడు.

క్లాసు గొప్పగా జరిగిందని చెప్తే అబద్ధం. తుంటి పట్టేసింది. పక్క వాళ్ళ కాళ్ళు ఆమె కంటే ఎత్తుకి లేచాయి. హాలు మధ్యలో ఒక గెంతు దిగేటప్పుడు పాదం తడబడి చెయ్యి నేలకి ఆనింది. "ఏమే, బంగాళాదుంపల బస్తాలా పడ్డావ్, మళ్ళీ!" అంది రయిసా అర్కాదివ్నా, ఆ తిట్టు ఎంత తియ్యగా ఉందో! ఏడాదిన్నరగా ఆమెని ఎవరూ ఇంత గౌరవంగా తిట్టలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ. గిరగిరా తిరిగే వరస వచ్చేసరికి ఒంట్లో ఎక్కడో తాళం ఊడింది. ఆమె తిరుగుతుంటే మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఆగి గోడవైపు జరిగారు. అమ్మా, కోడలా, యారో, ఏ పిలుపూ లేదు, వెన్నెముక ఒక్కటే ఉంది, నిటారుగా, తనది. ఆగినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది దియానా.

తలుపు దగ్గర వాదిమ్ సెర్హియోవిచ్ ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలీదు. అందరూ తువ్వాళ్ళు తీసుకుంటుంటే ఆమె దగ్గరికి వచ్చాడు. "మార్చిలో నాకు వేరేగా చెప్పారు."

"నేను చెప్పలేదు."

"అదే చూస్తున్నాను. దమ్ము తక్కువుంది, అది వస్తుంది. మొదటి రోజు నువ్వే వెయ్యి" అని, ఓస్తప్ వైపు చెయ్యి ఊపి రమ్మన్నాడు. "ఎప్పట్లాగే మీ జంటే. జనం అదే అడుగుతారు."

ఓస్తప్ వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు, పోస్టర్‌లో వేసినట్టే. "చూశావా, అంతా మంచే జరిగింది" అన్నాడు, అలవాటుగా నుదుటి వైపు వంగుతూ.

యారినా ఆ చెయ్యి తీసి, పక్కన పెట్టింది.

"పాత్ర చేస్తాను, వాదిమ్ సెర్హియోవిచ్. కానీ చివర్లో బండివాడి భార్య కళ్ళు మూసుకుని ఎత్తు మీంచి వెనక్కి, అతని చేతుల్లోకి పడాలి" అంది. "నన్ను పట్టుకోడానికి ఇంకొకర్ని చూడండి."