శాలువా కింద కండువా

ఫోన్ మోగేటప్పటికి సుహాసిని చేతులు రెండూ సర్వపిండి ముద్దలో ఉన్నాయి. మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"అమ్మా, నేను తెలుగు మిత్రమండలి వసుంధరని. గురువారం సాయంత్రం అల్ తుమామాలో మా వార్షికోత్సవం. మీ ఆయన రత్నాకర్‌కి సన్మానం చెయ్యాలనుకున్నాం."

పిండి చేతులతోనే సుహాసిని గిరగిరా తిరిగింది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని ఆ గదిలో తిరగాలంటే మంచం ఎక్కి దిగాలి. ఎక్కి దిగింది. పెళ్లయి దోహా వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు అన్నీ పండగలే. కిటికీలో పెట్టిన డబ్బాలో కొత్తిమీర మొలిచినా పండగే, బావ ఒకటే కప్పు కరక్ చాయ్ తెచ్చి ఇద్దరికీ అన్నా పండగే.

రత్నాకర్ సైటులో సేఫ్టీ ఉద్యోగి. శుక్రవారం సెలవు దొరకగానే ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులకు పోయి, జగిత్యాల, నిజామాబాద్ వైపు కూలీల కష్టాలను ఫోన్‌లో తీసి 'క్యాంప్ ముచ్చట' అనే పేజీలో పెడతాడు. అతనిది ఒకటే షరతు. ఎవరి మెడలో పార్టీ కండువా కనబడ్డా, "మడిచి దిండు కింద పెట్టు కాకా, గప్పుడు మాట్లాడుదాం" అంటాడు. ఏ నాయకుడి పేరూ ఎత్తనివ్వడు. అందుకే ఏ పార్టీవాడైనా అతని ముందు నోరు విప్పుతాడు. వీడియోల కింద నాలుగు మాటలు రాసేది సుహాసిని. పేజీ పాస్‌వర్డ్ వాళ్ల పెళ్లి తేదీ.

ఈ శుక్రవారం కూలీ నర్సింలు మాట్లాడాలి. అతనితో ఒకే గదిలో ఉన్న మారుతి పరంజా మీంచి పడి చనిపోయాడు. డ్యూటీ అయిపోయాక పడ్డాడు, పరిహారం రాదని కంపెనీ అంటోంది. కాదని చెప్పగలిగినవాడు, కళ్లారా చూసినవాడు నర్సింలు ఒక్కడే.

"సన్మానమా? వాళ్లు ఎవరి మనుషులో ఏమో," అన్నాడు రత్నాకర్ ఇంటికొచ్చాక.

"ఎవరి మనుషులైతేంది బావా! శాలువా కప్పుతరు, బిర్యానీ పెడ్తరు. శాలువా బరువైతే నేను మోస్త తియ్యి."

"బిర్యానీకి మొగుణ్ణి అమ్ముతవా పిల్లా?"

"బిర్యానీ ఎట్లుంటదో చూసి చెప్త."

అతను నవ్వేశాడు. ఒప్పుకున్నట్టే.

సుహాసిని క్లినిక్‌లో రిసెప్షనిస్టు. అక్కడి క్యూబా నర్సు యానెట్‌కు ఈ సంగతి చెబితే ఆమె నవ్వలేదు. హవానాలో ఆమె తమ్ముడు బ్లాగు రాస్తాడట. "ప్రభుత్వం వాళ్లేమో అమెరికాకు అమ్ముడుపోయాడంటారు. దేశం విడిచిపోయినవాళ్లేమో ప్రభుత్వం మనిషంటారు. ఎవరి మనిషో తేల్చేదాకా వాడు రాసింది ఎవరూ చదవరు," అంది, వచ్చీరాని ఇంగ్లీషులో. పాపం అనుకుంది సుహాసిని. అవి పెద్ద పెద్ద రాజ్యాల గొడవలు. తమది ఒక్క శాలువా.

గురువారం లేతనీలం చొక్కా తనే ఇస్త్రీ చేసింది. ఇండియా నుంచి వచ్చిన నాయకుడొకరు వేదికెక్కి, మడత విప్పి, రత్నాకర్ భుజాల చుట్టూ శాలువా కప్పాడు. కప్పిన పెద్దమనిషి కూర్చునేదాకా దాన్ని తీయకపోవడం మర్యాద. రత్నాకర్ చేతులు జోడించి అట్లాగే నిలబడ్డాడు. సుహాసినికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోటో తీసి, 'మన ముచ్చటకు సన్మానం' అని రాసి, అక్కడికక్కడే పేజీలో పెట్టేసింది. మెడ దగ్గర తొంగిచూస్తున్న రంగుపట్టీ శాలువా అంచు అనుకుంది.

అది అంచు కాదు. శాలువా మడతలో పెట్టి తెచ్చిన పార్టీ కండువా.

టాక్సీ ఎక్కేసరికి నర్సింలు రత్నాకర్‌కు ఫోన్ చేశాడు.

"తమ్మీ, ఫోటోల నీ మెడల కండువా చూసిన. రేపు రాకు."

"కాకా, దాన్ని దొంగతనంగ ఏసిండ్రు. నాకు ఎరుకలేదు."

"నేను నమ్ముతనే. మా ఊరోళ్లు నమ్ముతరా? నా పెండ్లాం గంగామణి సర్కారు ఇంటికి దరఖాస్తు పెట్టింది. అది అవతలి పార్టోళ్ల చేతిల ఉన్నది. నా మొఖం నీ పేజీల కనవడ్డదనుకో, ఇల్లు మాఫీ, ఇగ రానే రాదు. ఖలాస్."

"మరి మారుతి?"



"మారుతి సచ్చిపోయిండు తమ్మీ. నేను బతకాలె గద." పెట్టేశాడు.

సుహాసిని పేజీలోంచి ఫోటో తీసేసింది. అప్పటికే అది ఊళ్ల గ్రూపులన్నీ తిరుగుతోంది. వసుంధరకు ఫోన్ చేసి బతిమాలింది.

"కంగారెందుకమ్మా? మీకు మంచి పేరే కదా! రేపు శాలువా కప్పిన సారు మీ పేజీ నుంచే లైవ్‌లో మాట్లాడతారు, అందరికీ చెప్పేశాం."

రత్నాకర్ పాత వీడియోలు ఒక్కొక్కటే పైకి జరుపుతున్నాడు. మంచాల మీద కూర్చుని, కండువాలు దిండ్ల కింద దాచి, తనను నమ్మి మాట్లాడిన ముఖాలు.

"ఇప్పుడు వీళ్లందరూ గా పార్టోళ్లే అయిండ్రు సుహా. దిండ్ల కిందికెల్లి తీసి నా చేతులతోని నేనే మెడల ఏసినట్టయింది. ఊళ్లె ఎవడన్న వీళ్ల ఇండ్ల మీదికి వోతే?"

"ఏసింది నేను బావా. ఫోటో పెట్టింది నేను."

అతను టాక్సీ కిటికీలోంచి బయటికి చూశాడు. "బిర్యానీ తిన్నవా?"

"లే."

గదికొచ్చాక శాలువాను ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు. మంచం మీద పెట్టింది, తీసింది, కొత్తిమీర డబ్బా పక్కన పెట్టి మళ్లీ తీసింది. చివరికి చేతుల్లోనే పట్టుకుని నిలబడింది.

"రేపు పొద్దుగాల్నే నర్సింలు కాక కాడికి పోదాం," అన్నాడు రత్నాకర్. "వీడియో తీసుడు లేదు. అందరి ముంగట పేజీ మొత్తం తీసేస్త. నువ్వు గూడ రావాలె. మన పెళ్లి తారీఖు కొట్టేది నువ్వే."