రెండో గిలాస

హాస్టల్ వార్డెన్ పని నేను కోరి తెచ్చుకున్నది కాదు. కరీంనగర్ కాలేజీలో తర్కశాస్త్రం చెప్పుకుంటూ నా మానాన నేను బతుకుతుంటే, వార్డెన్‌కు హాస్టల్ ముందు గదుల్లో కిరాయి లేకుండా ఉండనిస్తారని మా ఆవిడ సరోజన ఎక్కడో విన్నది. అంతే, మరుసటి నెలకల్లా హాస్టల్లోని మగపిల్లలందరి మంచిచెడ్డలు నా నెత్తిన పడ్డాయి. మంచి సంగతి నాకు తెలియదు, చెడ్డ మాత్రం రోజూ కనిపించేది.

తాగేవాళ్లను పట్టుకోవడం నా పనుల్లో ఒకటి. అందులో నాకు పేరుంది. నాకు ఏ దురలవాటూ లేదు కాబట్టి ఎవడు తాగొచ్చినా ఇట్టే పసిగట్టేవాణ్ని. సిగరెట్టు సంగతి వేరు. అది అలవాటు కాదు, తర్కం చెప్పేవాడికి అవసరం. ఒకటి ఆరేలోగా ఇంకొకటి అంటించకపోతే నాకు ఆలోచన సాగదు. సరోజన దుప్పట్లకు పడ్డ చిల్లులు చూపించి తిడుతుండేది. ఆమెకు తర్కంతో పనిలేదు.

అలాంటి నా దగ్గరకు అరవై మూడులో, దసరా సెలవులు అయిపోయాక, ఒక మధ్యాహ్నం ఇస్తారి వచ్చాడు. బెల్లంపల్లి బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. పి.యు.సి. చదువుతున్నాడు. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నేను సారా తాగుతున్న. బంద్ చేద్దామంటె అయితలేదు. జర మీరే ఏమన్న జెయ్యుండ్రి."

నాకు ఒళ్లు మండింది. పట్టుబడ్డవాణ్ని ఏం చేయాలో నిబంధనల్లో ఉంది. తనంత తాను నడిచొచ్చి చెప్పుకున్నవాణ్ని ఏం చేయాలో ఎక్కడా లేదు. వీడు నన్ను ఇరకాటంలో పెట్టడానికే వచ్చాడనుకున్నాను.

"ఎవడు నేర్పిండురా నీకు?"

"ఎవ్వలు నేర్పలే సార్. బాయిల బొగ్గు నింపెటోళ్లు ఇద్దరిద్దరు దిగుతరు. జోడి అంటరు. మా బాపు జోడి ముత్తయ్య మామ. పని దిగంగనె ఇద్దరు మా ఇంట్ల కూసొని తాగుతుండిరి. ఓనాడు లోపల కప్పు కూలి మామ పోయిండు. పోయినంక గూడ బాపు రెండు గిలాసలు పెట్టుడు, రెండింట్ల పోసుడు. తనది తాగుతడు, మామ గిలాస దిక్కు జూసి ఏడుస్తడు. నాతోని చూసుడు కాలే సార్. ఓనాడు ఆ రెండో గిలాస నేను తాగిన."

"తాగితే?"

"బాపు ఏడుపు ఆగింది. నా తాగుడు ఆగలే."

ఆలోచించడానికి నేనొక సిగరెట్టు అంటించాను. అది అయిపోయింది గానీ ఆలోచన రాలేదు.

మొదట దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు నాలుక చూసి, నీరసమన్నాడు, పాలు తాగమన్నాడు. తర్వాత ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరకు పోయాం. ఆయన ద్రాక్షారిష్టం ఇచ్చి, పొద్దున రెండు చెంచాలు, మాపున రెండు చెంచాలు అన్నాడు. మర్నాడే ఇస్తారి ఖాళీ సీసా పట్టుకుని వచ్చి, మందు బ్రహ్మాండంగా పనిచేస్తున్నదని, ఇంకొకటి ఇప్పించమని అడిగాడు. సీసా మూత దగ్గర వాసన చూశాక నాకు సంగతి బోధపడింది. పోనీ దేవుడి ముందు ఒట్టు పెట్టిద్దామంటే, బాసర సరస్వతి ముందు అదివరకే పెట్టాడట.

"నిజంగనె పెట్టిన సార్. తిరిగొస్తుంటె బస్సు ఖరాబైంది. ఆగినకాడ దుకాణముండె."

తప్పంతా బస్సుదే అన్నట్టు చెప్పాడు. నేను బస్సును నాలుగు తిట్టి పంపించాను.

జనవరి ఇరవై ఆరున జెండా వందనం. అందరూ నిటారుగా నిలబడి ఉండగా ఇస్తారి ఒక్కడు నిటారుగా పడిపోయాడు. పడ్డది మా ప్రిన్సిపాల్ సాబ్ బూట్ల మీద.

ప్రిన్సిపాల్ సాబ్ నిజాం జమానాలో కొలువులో చేరిన మనిషి. ఆయన రాజ్యంలో జమానత్ లేనిదే ఆకు కదలదు. లైబ్రరీలో నిఘంటువు కావాలంటే ఒకడు జామీను ఉండాలి. ఆటలకు బంతి కావాలంటే ఇంకొకడు ఉండాలి. ఇప్పుడూ అదే అన్నాడు. ఇస్తారి మళ్లీ తాగడని ఎవరైనా జమానత్ ఉంటే మార్చిలో పరీక్షలకు కూర్చోవచ్చు. లేకపోతే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే వాడు పోవలసింది తిన్నగా బెల్లంపల్లికి, ఆ రెండు గిలాసల ముందుకి.

ఎవరూ ఉండలేదు. వాడి గదిలో వాళ్లు ఉండలేదు, లెక్చరర్లు ఉండలేదు. నేనూ ఉండలేదు. తాగేవాడు తాగుతాడు, ఇస్తారి తాగేవాడు, కనుక ఇస్తారి తాగుతాడు. ఇంత చక్కని తర్కం చెప్పి తప్పుకున్నాను. చివరికి వాళ్ల బాపును పిలిపించారు.

పెద్దపల్లి దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు ఎక్కి వచ్చాడు ఎల్లేశం. ఆయన కంటే ముందు సారా వాసన గదిలోకి వచ్చింది. తలకు రుమాలు, గోళ్ల సందుల్లో కడిగినా పోని బొగ్గు. ప్రిన్సిపాల్ సాబ్ కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ కొడుక్కు నువ్వు జమానత్ ఉంటవా?"

"ఉండ దొరా."

"ఎందుకు?"

"నేనే తాగొచ్చిన గదా. నా జమానత్ ఎట్ల చెల్లుతది?"

ప్రిన్సిపాల్ సాబ్‌కు ఈ జవాబు నచ్చింది. కాయిదా తెలిసిన మనిషి దొరికాడన్నట్టు కుర్చీలో సర్దుకున్నాడు.

"మరెట్ల?"

"జమానత్ తోని గిది గాదు దొరా. జమానత్ ఉన్నోడు ఇంటికి పోయి పంటడు. మమ్ములను బాయిలకు ఒక్కణ్ని దిగనియ్యరు. జోడి ఉండాలె. మీద పెళ్ల కదిలితె ఒకడు చూడకున్న ఇంకోడు చూస్తడు." అక్కడ ఆగిపోయి, రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "చూడాలె," అన్నాడు మళ్లీ, మెల్లగా. "గీనికో జోడి గావాలె. నేనైతె పనికిరాను."

"బహుత్ ఖూబ్. వార్డెన్ సాబ్ ఉంటడు," అన్నాడు ప్రిన్సిపాల్ సాబ్, అక్కడికక్కడే.

నేను లేచి నిలబడ్డాను. "సార్, నాకు తాగుడు లేదు గదా. నేనెట్ల జోడినైత?"

"జోడి అంటె ఇద్దరు దిగాలె సారూ," అన్నాడు ఎల్లేశం. "ఒకడు మీద కూసొని జూస్తె వాడు జోడి గాడు."

ప్రిన్సిపాల్ సాబ్ నా కుడిచేతి వేళ్ల వంక చూశాడు. పసుపు దంచినట్టున్నాయి అవి. "అయితె మీరు సిగరెట్టు బంద్ జెయ్యుండ్రి," అన్నాడు. కిటికీ తలుపు వేయమన్నంత తేలిగ్గా అన్నాడు.

ఆ విధంగా ఇస్తారి సారాలోంచి, నేను సిగరెట్టులోంచి ఒకేరోజు దిగాం. వాడు దుకాణానికి పోయే వేళకు నా వరండాలో వచ్చి కూర్చోవాలని ఒప్పందం. కూర్చునేవాడు. వాడి చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. నాకు వేళ్లు గుంజేవి, నోరు ఎడారయ్యేది. వాడు చదువుతుంటే ఆ గొణుగుడు నాకు నచ్చేది కాదు. నేను ఊరికే కాలు ఊపుతుంటే వాడికి నచ్చేది కాదు. ఒకరినొకరు కొరకొరా చూసుకుంటూ కూర్చునేవాళ్లం. అటుగా పోయే పిల్లలు మాకేదో తగాదా ఉందనుకున్నారు.

సరోజన చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి మా ఇద్దరి మధ్య పెట్టేది. అవే నములుతుండేవాళ్లం.

"సిగరెట్లున్నప్పుడు దుప్పట్లే కాలుతుండె," అన్నదొకసారి. "ఇప్పుడు ఇంట్ల మనుషులు కాలుతున్నరు. ఇస్తారీ, నీతోని గాదు బిడ్డా, మీ సారుతోనే నాకు పరేషాన్."

ఇస్తారి నవ్వాడు. వాడు నవ్వడం నేను చూడటం అదే మొదలు. నాకు నవ్వు రాలేదు గానీ, కోపం మాత్రం కాస్త తగ్గింది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒకనాడు మధ్యాహ్నం, క్లాసులో ఎవడో అడ్డదిడ్డమైన ప్రశ్న వేసి నా బుర్ర తిన్నాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పి బట్టల పెట్టె వెతికితే అడుగున పాత సిగరెట్టు ఒకటి దొరికింది. నేను పెట్టింది కాదు, దానంతటదే మిగిలిపోయింది. బనీను మీదే హాస్టల్ వెనక గోడ చాటుకు పోయి అంటించాను. రెండు దమ్ములు లాగానో లేదో, ఎదురుగా ఇస్తారి నిలబడి ఉన్నాడు.

లోపలికి పోయి చెప్పులు వేసుకుని వచ్చాడు.

"ఏడికిరా?"

"జోడి మీదికి ఎక్కినంక నేనొక్కణ్ని కింద ఏం జెయ్యాలె సార్?"

గేటు దాటి గంజ్ బజారు దారి పట్టాడు. ఆ దారి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఎన్నిసార్లో ఆ దారి మీదే పిల్లల్ని పట్టుకున్నాను. వెనకాలే పరుగెత్తాను. నా జన్మలో అంత భయం నాకెప్పుడూ వేయలేదు. వాడి పరీక్ష, వాడి చదువు, వాడి బతుకు అన్నీ నా చేతిలోని ఆ వెధవ సిగరెట్టుకు చుట్టుకుని పోతున్నట్టనిపించింది. సరిగ్గా సారా దుకాణం ముందు వాడి చొక్కా పట్టుకున్నాను. బనీను మీదున్న లెక్చరరు స్టూడెంటును సారా దుకాణం ముందు గుంజుతుంటే బజారంతా ఆగి చూసింది. అప్పుడే రావాలా, ప్రిన్సిపాల్ సాబ్ రిక్షాలో వచ్చాడు, చూశాడు, పోయాడు.

"మీకే అయితలేదు. నాకెట్లయితది సార్?" అన్నాడు ఇస్తారి. వాడి కళ్లనిండా నీళ్లు.

నాకు తెలిసిన తర్కమంతా ఆ నిమిషంలో ఎక్కడికి పోయిందో పోయింది. "నాతోని అయితలేదురా," అన్నాను. "ఒక్కణ్ని నాతోని కాదు. నువ్వు ఈ తలుపు దాటితే నేనిప్పుడే పోయి సిగరెట్ల పెట్టె కొనుక్కుంట. నువ్వు నాకు కావాలెరా, నడువు."

వాడు నా చేతిలోని సిగరెట్టు తీసుకుని చెప్పుతో నలిపాడు. "నడువుండ్రి సార్," అన్నాడు. "అంగీ లేకుండ వచ్చిండ్రు."

ప్రిన్సిపాల్ సాబ్ ఆ సంగతి నన్ను ఎన్నడూ అడగలేదు. మర్నాడు హాల్ టికెట్ మాత్రం పంపించాడు.

పరీక్షలయ్యాక కొడుకును తీసుకుపోవడానికి ఎల్లేశం వచ్చాడు. వాసన ఉంది గానీ, అప్పటంత లేదు. వరండాలో కూర్చుని, సంచిలోంచి ఒక సత్తు గిలాస తీసి నా ముందు పెట్టాడు. అంచు సొట్ట పడి ఉంది.

"ముత్తయ్యది సారూ. మీ కాడనే ఉండనియ్యుండ్రి. ఇగ ఇంట్ల పెట్ట, పొయ్య."

"మరి నీది?"

"నాది ఇంట్లనే ఉన్నది. అబద్ధమెందుకు, అది ఇంక ఇడువలే." తల వంచుకుని, కొడుకు వైపు చూడకుండా అన్నాడు. "జోడి దొరికితె దిగుదునేమో. నన్ను నమ్మి ఎవడు దిగుతడు? దిగినోణ్నే కాపాడుకోకపోతి."

ఇస్తారి జేబులోంచి చింతగింజలు తీసి, సగం వాళ్ల బాపు చేతిలో పోశాడు. "నేను దిగుత బాపు."

"గివి నమలనీకె నాకు పండ్లేడియిరా?" అన్నాడు ఎల్లేశం. అని ఒకటి బుగ్గన పెట్టుకున్నాడు. ఇద్దరూ బస్టాండు వైపు నడిచిపోయారు. నాకు ఆ వేసవంతా ఒకటే ఫికరు. ఆ ఇంట్లో ఎవడు ఎవణ్ని కిందికి దింపుతాడు, ఎవడు ఎవణ్ని మీదికి లాగుతాడు? ముత్తయ్య గిలాసలో చింతగింజలు పోసుకుని ఒక్కణ్నే నమిలాను.

జూన్‌లో కాలేజీ తెరిచారు. ఇస్తారి డిగ్రీలో చేరడానికి వచ్చాడు. వచ్చీ రాగానే సంచిలోంచి ఇంకో సత్తు గిలాస తీసి మొదటిదాని పక్కన పెట్టాడు.

"బాపుది సార్."

"మరి ఆయన నీళ్లు దేంట్ల తాగుతుండురా?"

"దోసిలి పట్టి తాగుతుండు." ఇస్తారి రెండు గిలాసలనూ దగ్గరికి జరిపాడు. "నేనిటొస్తె ఆయనకు కష్టమే సార్. అయినా పొమ్మన్నడు. 'నేను మీదికి ఎక్కలే, కిందనే ఉన్ననని సారుకు చెప్పు' అన్నడు."

నేను లోపలికి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాను. సరోజన వచ్చి చూసింది.

"గట్ల కండ్లు తుడుసుకుంటున్నరేంది, పొగ పడ్డదా?"

"పొగ ఏడికెల్లి వస్తదే," అన్నాను. "బంద్ జేసిన గదా."