మేనత్త మొదటి ముద్ద

పెనంలో గొర్రె డొక్కల కొవ్వు చిటపటలాడుతుంటే కలొలైనేకి కళ్ళు బైర్లు కమ్మాయి. గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఏడుగురికి వడ్డించాలి. అందరూ తిని లేచాక అడుగున మిగిలిన కొవ్వు ముక్కలూ, చల్లారిన దుంపా ఆమెవి. ఆ వేళకి ఆకలి చచ్చిపోతుంది కాబట్టి నాలుగు చెంచాల చక్కెర వేసుకుని టీ తాగేసి, ఆడపడుచుకి ఇవ్వాల్సిన చాప అల్లుతూ కూర్చుంటుంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఈ చాకిరీకి జీతమూ లేదు, సెలవూ లేదు, బాగుందన్న ఒక్క మాటా లేదు.

బొటనవేలి మీద పుండు నెలైనా మానలేదు. క్లినిక్‌లో నర్సు సూది పొడిచి చూసి, ఒంట్లో చక్కెర బాగా పెరిగిపోయిందని చెప్పింది. "వేళకి తిను. చేపా ఆకుకూరా తిను. పొద్దున్నే గంట నడువు. లేకపోతే కాలు దక్కదు, అక్కా," అంది. వేళకి తినడమట! వేళలన్నీ ఇంట్లోవాళ్ళు పంచేసుకుంటే తనకి మిగిలిందెప్పుడు? ఇంటికొచ్చి చెబితే మొగుడు సియొసాయా నవ్వేశాడు. ఈ దీవుల్లో గడపకొకరికి ఉన్న జబ్బేనట, మన ఒళ్ళే అంతట. "నువ్వు చిక్కిపోతే పెళ్ళానికి తిండి పెట్టడం లేదని ఊరంతా నా మొహాన ఉమ్మేస్తుంది," అన్నాడు. అదే జబ్బుతో మోకాలి కింద కాలు తీయించుకున్న అత్తగారు, మెలెనైతే అనే ఆవిడ, మూలన కూర్చుని అంతా వింది. ఆవిడ కాలికి కట్టు మార్చేది కలొలైనేయే. మార్చినప్పుడల్లా తన కాలే కనిపించేది.

ఆ శనివారం తమ్ముడు మఫి కూతురి ఇరవై ఒకటో పుట్టినరోజు. పుట్టింట్లో కలొలైనే ఫహు, అంటే తమ్ముడి పిల్లలకి పెద్ద మేనత్త, అక్కడ ఆమె మాటకి తిరుగులేదు. అందరికన్నా ఎత్తున, మెత్తని చాపల దొంతర మీద కూర్చోబెట్టారు. సియొసాయా ఎక్కడో వెనక వరసలో ఉన్నాడు. కాల్చిన పందులు, డొక్కల కుప్పలు, డబ్బా మాంసం, ఎర్రటి తీపి నీళ్ళు. మేనత్త ముద్ద నోట్లో పెట్టుకోనిదే ఎవరూ ఏదీ ముట్టరు. మూడంతస్తుల కేకులో పై అంతస్తు తెచ్చి ఆమె ముందు పెట్టారు.

చెయ్యి దానిమీదకి వెళ్ళి ఆగిపోయింది. రెండొందల మంది తన నోటికేసి చూస్తున్నారు. ఉన్నది ఒక్క నోరే కదా, మెట్టినింట్లో అది ఆఖరిది, ఇక్కడ మొదటిది. ఎప్పుడు తినాలో, ఏం తినాలో ఈ ఇల్లో ఆ ఇల్లో చెప్పడమే తప్ప తనని ఎవరైనా అడిగారా? పోనీ, తనని తనైనా ఎప్పుడైనా అడిగి చూసుకుందా? ఒళ్ళు మండిపోయింది.

"ఇది తీసెయ్యి, మఫీ. నాకు కాల్చిన చేప, ఉడికించిన ఆకుకూర, మంచినీళ్ళు పెట్టు."

మఫి బిక్కచచ్చిపోయాడు. అన్ని వంటల్లోనూ చేప ఒక్కటే లేదు! కానీ ఫహుకి ఎదురు చెప్పేదెవరు? ఎవరింటి నుంచో చేప తెచ్చి కాల్చేదాకా ఊరంతా పందుల వంక చూస్తూ గుటకలు మింగింది. కలొలైనే తొందరపడలేదు. ముల్లు ముల్లూ తీసుకుంటూ నిదానంగా తింది. ఇన్నేళ్ళలో తిండి ఇంత రుచిగా ఉండటం ఆమెకి గుర్తులేదు.

సోమవారం పొద్దున్నే సముద్రం ఒడ్డున గంటసేపు నడిచొచ్చింది. చేపా పచ్చి అరటికాయా ఉడికించుకుని, పళ్ళెం ముందు పెట్టుకుని చాప మధ్యలో కూర్చుంది. పొయ్యి మీద పెనం లేదు.

"అది మీ తమ్ముడిల్లు. ఆ దొరసానితనం ఇక్కడ చెల్లదు," అన్నాడు సియొసాయా.

"ఇల్లు మారితే నా నెత్తురు మారదు, సాయా. ముందు నన్ను తిననీ. ఆ తర్వాత మీకు వడ్డిస్తా."

అతను నోరు తెరిచేలోపే మూలనుంచి అత్తగారు చేతికర్ర నేలకేసి కొట్టింది.

"నేనూ మా తమ్ముడింట్లో ఎత్తున కూర్చున్నదాన్నే. ఈ గడప తొక్కగానే దిగిపోయాను, కాలు పోగొట్టుకున్నాను," అంది కోడలితో. "నువ్వు దిగకు."

తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"సాయా, లేచి నీ పెళ్ళానికి మంచినీళ్ళు తెచ్చిపెట్టు."

సియొసాయా లేచాడు.