మార్టిన్ గారి అడుగులు

పదకొండు దగ్గర ఆగడం బాగాలేదు, ఇంకొక్క అడుగు వేస్తే పన్నెండవుతుంది, కానీ ఆ ఒక్క అడుగూ ఎవరి కోసం వేసినట్టు అనుకుంటూ గోపాలం రెండో అంతస్తు మెట్ల మలుపులో నిలబడిపోయాడు. బెల్టుకి తగిలించిన, అడుగులు లెక్కపెట్టే అగ్గిపెట్టెంత యంత్రం మూత మళ్ళీ తెరిచి చూశాడు. నాలుగు వేల మూడు వందల పదకొండు. ఇంకా భోజనాల వేళ కూడా కాలేదు.

చంకలో ఫైళ్ళ కట్ట, చేతిలో డాక్ పుస్తకం. అతని ఎడమ భుజం కుడి భుజం కన్నా రెండంగుళాలు కిందికి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా కాగితాలన్నీ ఆ వైపే మోశాడు. చెప్పుల మడమలు బయటి అంచున అరిగిపోవడం వల్ల, ఊరికే నిలబడ్డా ఎటో బయలుదేరబోతున్నట్టు కనిపిస్తాడు. నిన్నటితో అరవై నిండాయి. ఈ రోజు ఉద్యోగానికి చివరి రోజు. సాయంత్రం ఐదు తర్వాత ఎవరి కాగితమూ మోయనక్కర్లేదు. ఆ సంగతి అతన్ని అంతగా బాధించడం లేదు. బాధపెడుతున్నది ఈ యంత్రం. అది అతనిది కాదు.

మార్టిన్ గారిది. ఆయన ఈ ఆఫీసులో డిప్యూటీ మేనేజరు. ఎనిమిది నెలల కిందట గుండెలో నొప్పి వచ్చి పది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. రోజుకి ఎనిమిది వేల అడుగులు నడవాలన్నాడు డాక్టరు. భార్య డైసీ గారు రాయపూర్ నుంచి ఈ యంత్రం తెప్పించారు. పొద్దున్నే తన చేతులతో ఆయన బెల్టుకి తగిలించి పంపేవారు. సాయంత్రం అందులోని అంకె చూసి వంటింటి క్యాలెండరులో తేదీ కింద రాసుకునేవారు. మొదటి వారం ఆయన నిజంగానే నడిచారు. రెండో వారం మీటింగులో బల్ల కింద దాన్ని చేత్తో ఊపుతూ కూర్చున్నారు. నూట నలభై దగ్గర చెయ్యి లాగేసింది. మర్నాడు గోపాలాన్ని పిలిచారు.

"నువ్వెలాగూ తిరుగుతావు కదయ్యా. దీన్ని కూడా తిప్పుకురా."

గోపాలానికి అది వింతగా తోచలేదు. సారు బదులు రైలు టికెట్ల వరుసలో నిలబడ్డాడు. గ్యాసు బండ కోసం నిలబడ్డాడు. ఒకసారి సారు బదులు ఎవరో పెద్దాయన అంత్యక్రియలకి వెళ్ళి, సారు పేరున్న పూలచక్రం పెట్టి, అక్కడ కాసేపు తల వంచుకుని కూడా వచ్చాడు. సారు బదులు నడవడం వాటికన్నా ఎక్కువేమీ కాదు.

కాని మొదటి రోజు సాయంత్రం యంత్రం మూత తెరిచినప్పుడు అతనికి ఏదో అయింది. ఏడు వేల మూడు వందల నలభై. ఇవి తన కాళ్ళు వేసిన అడుగులు. ఇరవయ్యో ఏట విజయనగరం నుంచి రైలెక్కి భిలాయిలో దిగి, స్టేషన్ నుంచి మరోదా బస్తీ దాకా పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాడు. అప్పటి నుంచి నడుస్తూనే ఉన్నాడు. ఎంత నడిచాడని ఎవరూ అడగలేదు. అతనూ అనుకోలేదు. ఇప్పుడు ఎక్కడో ఒకచోట రాసి ఉంటోంది.

మర్నాటి నుంచి ఆఫీసు సైకిలుని షెడ్డు వెనక నిలబెట్టేశాడు. తొక్కితే యంత్రం లెక్కపెట్టదు. మూడు కాగితాలు ఒక్కసారి తీసుకెళ్ళేవాడు మూడుసార్లు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఇంటి దగ్గర చేతులు కడుక్కుంటూ, "ఇయ్యాల తొమ్మిదివేలు దాటిపోనాది," అన్నాడొకసారి భార్య చిన్నమ్మలుతో. "ఏటి దాటిపోనాది?" అందావిడ. "ఏటీ లేదులే," అన్నాడు. ఆ రహస్యం కూడా అతనికి నచ్చింది.

ఆ నచ్చడం గురించే ఇప్పుడు మెట్ల మలుపులో నిలబడి ఆలోచిస్తున్నాడు. పైఅధికారి మాట కాదనలేక చేశానని ఎవరికైనా చెప్పుకోవచ్చు. తనకి తాను చెప్పుకోలేకపోతున్నాడు. పోయిన నెల డాక్టరు ఆ క్యాలెండరు చూసి మెచ్చుకుని ఒక మాత్ర సగానికి తగ్గించాడు. మార్టిన్ గారు నవ్వుతూ, "అంతా నీ కాళ్ళ చలవ గోపాలం," అన్నారు. ఆ రోజు నుంచి గోపాలం ఆయన్ని గమనిస్తున్నాడు. కారు దగ్గర నుంచి గుమ్మం దాకా వచ్చేలోపు ఆయన ఒకసారి ఆగుతారు. కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటారు. కళ్ళజోడు ముఖం మీదే ఉంటుంది.

ఆ ఒక్క అడుగు వెయ్యక తప్పలేదు. ఆఫీసు పైనుంది.

పన్నెండున్నరకి క్యారేజీ కోసం మార్టిన్ గారింటికి వెళ్ళాడు. డైసీ గారు అతన్ని వంటింటి గుమ్మం దాకా పిలిచి చొక్కా గుడ్డ చేతిలో పెట్టారు. 

"కుట్టించుకో గోపాలం. బీరువాలో దాచుకోకు. నీ సంగతి నాకు తెలుసు."

"అలాగేనమ్మగారూ."

"ఇది చూశావా?" క్యాలెండరు వైపు చెయ్యి చూపించారు. ప్రతి గడిలో పెన్సిలు అంకెలు. "నిన్న తొమ్మిది వేల రెండు వందలు. చదువుకునే రోజుల్లో బస్సు పోతోందన్నా పరిగెత్తని మనిషి! రోజూ రాత్రి ప్రార్థనలో ఈ అంకె చెప్పి మరీ దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. నవ్వకు."

గోపాలం నవ్వలేదు. 

"అమ్మగారూ, ఒక మాట..."

"చెప్పు."

ఆవిడ ముఖంలో ఎనిమిది నెలల కిందట లేని నెమ్మది ఉంది. అది తన చేతిలో పగలగొట్టడానికి ఇచ్చిన గాజు వస్తువులా అనిపించింది అతనికి. పైగా సారు పరువు. 

"రేపట్నుంచి కేరేజీకి రజనీకుమారి వస్తాది," అన్నాడు.

రజనీకుమారి క్యాంటీను స్టోరు నుంచి అతని స్థానంలోకి మారి వచ్చిన మనిషి. నలభై ఏళ్ళుంటాయి. పుట్టింది భిలాయిలోనే కాబట్టి కోపం వస్తే హిందీలోకి వెళ్ళిపోతుంది. రెండు గంటలకి ఇద్దరూ పని అప్పగింతల చార్జీ కాగితం ముందు కూర్చున్నారు. డాక్ పుస్తకం, అల్మారా తాళంచెవి, గొడుగు, మధ్యప్రదేశ్ పేరున్న పాత రబ్బరు ముద్ర, ఛత్తీస్‌గఢ్ పేరున్న కొత్తది. ఒక్కొక్కటీ అందుకుని సంతకం పెట్టింది. సైకిలు దగ్గరికి వచ్చేసరికి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అరే భయ్యా, చైను చూడండి, పూరా జంగ్, తుప్పు పట్టేసింది! ఇన్నాళ్ళూ ఏటి, గాల్లో ఎగిరీవోరా?"

"నడిసీవోడ్ని."

"మూడు బిల్డింగులూ? పిచ్చా?" ఆవిడ చూపు అతని నడుము మీద ఆగింది. "అది కూడా చార్జీలో ఉందా? సారు పొద్దున్న ఏదో అన్నారు. గోపాలం ఒక డబ్బా ఇస్తాడు, తీసుకో, అని."

గోపాలం కలం పట్టుకుని కాసేపు కాగితం వైపు చూశాడు. కింద ఒక గీత ఖాళీగా ఉంది. అందులో రాస్తే రేపు ఈవిడ నడుస్తుంది. ఈవిడ అడుగులు క్యాలెండరులో పడతాయి. ఈవిడ తర్వాత ఇంకొకరు. సారు మాత్రం ఆ గుమ్మం ముందు జేబులు తడుముకుంటూనే ఉంటారు, ఒక రోజు దాకా.

"లేదమ్మా. ఇది సారుది."

"సారుది మీ నడుముకెందుకు భయ్యా?"

అతను ఖాళీ గీత మీద అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాడు.

నాలుగున్నరకి దండ వేశారు, శాలువా కప్పారు. మార్టిన్ గారు కుర్చీ వీపు పట్టుకుని నిలబడి మాట్లాడారు. గోపాలం ఈ ఆఫీసుకి కాళ్ళు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. రిటైరైన మనిషిని ఆ రోజు అధికారి కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి ఇంటి దగ్గర దింపడం ఇక్కడ ఆనవాయితీ. ఏ దారిన వెళ్దామంటే ఆ దారిన వెళ్ళాలి. ఆ రోజు అతని మాట కాదనరు. గుమ్మం ముందు కారు నిలబడి ఉంది. ముందు భాగానికి ఎవరో బంతిపూల దండ కట్టారు. మార్టిన్ గారు స్వయంగా తలుపు తీశారు.

"ఎక్కవయ్యా. ఈ రోజు నువ్వు దొరవి. ఎటు పోదాం? ఊరంతా తిప్పమన్నా తిప్పుతాం."

"నడిసి పోదాం సారూ," అన్నాడు గోపాలం. "మీ ఇంటి దాకా."

డ్రైవరు నవ్వాడు. మార్టిన్ గారూ నవ్వబోయి గోపాలం ముఖం చూసి ఆగారు.

"అంత దూరమా?"

"పదకొండు వందల అడుగులు. రోజూ కేరేజీకి పోయీవోడ్ని కదా."

మార్టిన్ గారు దగ్గరికి జరిగి, ఇంకెవరికీ వినబడనంత నెమ్మదిగా అన్నారు. "నా వల్ల కాదు గోపాలం. నిజంగా కాదు."

"కాకపోతే ఆగుదారి. నాకింక ఏ పనీ లేదు." కొంచెం ఆగి, "అమ్మగారు దేవుడికి సెప్తన్నారు సారూ, ఆ అంకె," అన్నాడు.

మార్టిన్ గారి చెయ్యి కారు తలుపు మీద నుంచి జారింది. ఆయన ఇంటి వైపు వెళ్ళే రోడ్డుని, మొదటిసారి చూస్తున్నట్టు, ఆ చివరి దాకా చూశారు.

గోపాలం బెల్టు నుంచి యంత్రం తీశాడు. తొమ్మిది వేల ఎనిమిది వందల డెబ్భై. ఈ ఎనిమిది నెలల్లో ఎన్నడూ రానంత పెద్ద అంకె. ఇంకాసేపు చూసుకోవాలనిపించింది. చూడలేదు. పక్కనున్న బొత్తాం మీద బొటనవేలు పెట్టి, అంకెలన్నీ పోయి సున్నా మిగిలేదాకా నొక్కి పట్టుకున్నాడు. వంగి, దండ పక్కకి తోసుకుని, మార్టిన్ గారి బెల్టుకి దాన్ని తగిలించాడు. 

మార్టిన్ గారు ఒక అడుగు వేశారు. తర్వాత ఇంకొకటి. మూడో చెట్టు కింద ఆగి జేబులు తడుముకోకుండా ఊపిరి తీసుకున్నారు. గోపాలం కూడా ఆగాడు.

వెనక ఆఫీసు గుమ్మం ముందు, తలుపు తెరిచే ఉన్న కారుకి కట్టిన బంతిపూలు ఎండలో ఇంకా తడిగా ఉన్నాయి.