చదవకుండా సంతకం పెట్టం

స్కాన్లు చదివే గదిలో, అందరి ముందూ, మేనేజరు పెద్ద డాక్టరు మెడలోని గుర్తింపు కార్డు లాగేసుకున్నాడు. ఒక రోగి ఊపిరితిత్తిలో గడ్డ ఉంటే, స్కాను చూసి రిపోర్టు రాసే యంత్రం 'అంతా బాగుంది' అని రాసింది. కింద సంతకం పెద్ద డాక్టరుది.

"చూసే టైమిచ్చారా మీరు? బొమ్మ తెర మీద నిలవకముందే సంతకం, సంతకం అని తరమలేదూ?" అన్నాడు పెద్ద డాక్టరు.

"సంతకం మీది. తప్పూ మీదే."

చిన్న డాక్టరమ్మ పక్క తెర ముందే ఉంది. ఆమెకు స్కాను చదవడం నేర్పింది ఆ పెద్ద డాక్టరే. యంత్రం వచ్చాక ఆ చదువంతా వేలికొసకు దిగిపోయింది. రిపోర్టు రావడం, తను సంతకం మీట నొక్కడం. ఇంట్లో కూతురు పలకరించినా కసురుకునేది. ఆ రోజు ఆ విసుగు తన మీదికే తిరిగింది.

ఆసుపత్రి భోజనాల గదిలో మీటింగు పెట్టింది. డాక్టర్లు, టెక్నీషియన్లు వచ్చారు. రిపోర్టులు టైపు చేస్తూ ఉద్యోగాలు పోగొట్టుకున్న ఆడవాళ్లనూ పిలిపించింది. వాళ్లలో పెద్దది టైపక్క. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మమ్మల్ని గెంటేసినప్పుడు తలెత్తి చూశారా? టైపింగే కదా, మిషను చేస్తుందిలే అన్నారు. మీ మెడ దాకా వచ్చాక అక్కలం గుర్తొచ్చామా?"

"అన్నాం అక్కా. మీరు లేకుండా ఇది మొదలుపెట్టను," అంది చిన్న డాక్టరమ్మ.

"మిషన్ని పగలగొడదాం!" అన్నాడో టెక్నీషియను.

"అదేం పాపం చేసిందిరా? మన టైము మింగి, తప్పు మన నెత్తిన రుద్దేది పైనున్నోళ్లు," అంటూ టైపక్క కుర్చీ లాక్కుంది.

"పని ఆపితే రోగులేమైపోతారు?" అన్నాడొక డాక్టరు.

"ఆపం. ప్రతి స్కానూ మన కళ్లతో చదువుదాం. చదివాకే సంతకం," అంది చిన్న డాక్టరమ్మ.

మర్నాడు తెరలు సంతకం కోసం తొందరపెట్టాయి. చదవకుండా ఎవరూ నొక్కలేదు. రిపోర్టులు ఆలస్యమై వరండాలో జనం పెరిగారు, కేకలు మొదలయ్యాయి. టైపక్క వాళ్ల మధ్యకెళ్లి సంగతంతా విప్పి చెప్పింది.

"అయితే మా నాన్న స్కాను ఎవరూ చూడలేదా?" అని ఒకామె అరిచింది. ఆ అరుపుతో జనమంతా మేనేజరు గది మీదికి మళ్లారు.

మేనేజరు పోలీసుల్ని పిలిచాడు. ఆసుపత్రి పని అడ్డుకుందని చిన్న డాక్టరమ్మను వ్యానెక్కించారు. వెనక నుంచి మేనేజరు గొంతు: "ఇప్పుడైనా నొక్కండి!"

వ్యాను కదల్లేదు. ముందు జనం బైఠాయించారు. ఇందాక అరిచినామె స్కాను ఫిల్మును ఎండకెత్తి పట్టి, పోలీసులకే చూపిస్తోంది.

"ఇది చదవగలరా మీరు? చదవలేరుగా? మరి చదివేవాళ్లను దించండి!"