మనమా, మేమా

అన్న పోయాక పిచిక మళ్లీ బడికి రావడం మొదలుపెట్టింది గానీ, నోరు విప్పింది లేదు. గింజలేరుకున్నట్టు తింటుందని ఆ పేరు పెట్టింది అన్నే. ఇప్పుడు బడంతా అదే పేరు.

ఇంగ్లిష్ మాస్టారు కొత్తగా వచ్చినాయన. ఎవరింట్లో ఏం జరిగిందో ఆయనకింకా తెలీదు. ఆ రోజు పాఠం ఏదో పాతకాలపు కథ. కొండ నోరు తెరిచి ఒక గొర్రెలకాపరిని మింగేస్తుంది. అతని పెళ్లాం రోజూ పొద్దుగూకే వేళ పిల్లల్ని వెంటబెట్టుకుని కొండకెదురుగా నిలబడి ఒక్క మాటే అంటుంది: "వుయ్ షల్ ఈట్ నౌ."

"వుయ్ అంటే ఇక్కడ మనమా, మేమా?" అన్నారు మాస్టారు. "ఇంగ్లిషులో రెంటికీ ఒకటే మాట. తేల్చుకోవాల్సింది మనమే."

"మేమేనండీ," అన్నాడు వెనక బెంచీ బండోడు. "మనం అంటే కొండక్కూడా వండాలి. గంగాళాలు చాలవు."

తరగతి గొల్లుమంది. మాస్టారూ మీసాల్లో నవ్వుకున్నారు.

"మనం," అంది పిచిక, లేచి నిలబడకుండానే.

"ఎందుకమ్మా?"

"మేము అంటే ఆయన్ని తీసేసినట్టే కదండీ."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. పక్కపిల్ల తల దించుకుంది. మాస్టారికేమీ అంతుపట్టలేదు. బాగా ఆలోచించే పిల్ల దొరికిందని సంబరపడ్డారు.

"తీసేసినట్టే. కానీ చూడు. పిల్లలతో అయితే 'మనం తిందాం' అంటుంది. ఆ మాటకి మొగుడు వినాల్సిన పన్లేదు. 'మేం తింటాం' అనాలంటే అవతల వినే మనిషంటూ ఒకడుండాలి. ఆమె ఎటు తిరిగి అంటోంది? కొండవైపు. అంటే మొగుడితోనే చెబుతోంది."

బోర్డు మీద 'మేము' అని రాసి కింద గీత గీశారు. పిచిక రాసుకోలేదు.

వాళ్ల నాన్న దర్జీ. ముందుగదిలోనే మిషను. అన్న సైకిల్ షాపు కట్టేసి వచ్చేదాకా అమ్మ ఏనాడూ కంచాలు పెట్టేది కాదు. "వాడు రానీ, అందరం కలిసి తిందాం" అనేది. జ్వరమని ఆస్పత్రికెళ్లినవాడు గుడ్డ కప్పుకుని తిరిగొచ్చాడు. అప్పట్నుంచి మొగుడికీ కూతురికీ వడ్డించేసి, తను గుమ్మంలో కూర్చుంటోంది. అలా ఆగి ఆగి సగమైపోయింది. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. నాన్న రెండుసార్లు కుట్లు విప్పి బిగువు చేశాడు. కసిరాడు, బతిమాలాడు, చివరికి ఊరుకున్నాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే అమ్మ కూడా దక్కదని పిచికకి గుబులు.

ఆ సాయంత్రమూ అమ్మ ఇద్దరికీ వడ్డించి లేవబోయింది.

"కూర్చోవే అమ్మా."

"మీరు కానివ్వండి. నేను ఆగుతా."

పిచిక కంచం ముందునుంచి లేచింది. గుమ్మం దాకా వెళ్లి వీధివైపు తిరిగింది.

"అన్నా, మేం తినేస్తున్నాం. అమ్మ కూడా."

నాన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. వెనక అమ్మ అడుగుల చప్పుడు వినబడింది. కొడుతుందేమో అనుకుంది పిచిక. కొట్టినా బాగుండేది.

"ఏమన్నాడే?" అంది అమ్మ, చిన్నపిల్లలా.

పిచిక వెనక్కి తిరగలేదు.

"తినమన్నాడమ్మా."

అమ్మ వెళ్లి కూర్చుంది. కూర కలుపుకోవడం కూడా మర్చిపోయి ఉత్త మెతుకులే నోట్లో పెట్టుకుంది. ఏడుస్తూనే నమిలింది, ఏడుస్తూనే మింగింది. నాన్న ఎడంచేత్తో కూరగిన్నె ఆమెవైపు జరిపాడు.

పిచిక మాత్రం కంచం దగ్గరికి రాలేకపోయింది. అన్న ఇక రాడన్న మాట ఆ ఇంట్లో మొట్టమొదట పైకి అన్నది తనే. అదీ అన్నతోనే.